అకౌస్టిక్‌కు అలవాటైన చేతులను ఎలక్ట్రిక్ గిటార్‌కు మలచుకోవడం ఎలా?

అకౌస్టిక్ గిటార్‌పై రెండు మూడేళ్లు సాధన చేసినవారు ఎలక్ట్రిక్ గిటార్ చేతికి రాగానే తీగలు ఎంత మెత్తగా ఉన్నాయోనని సంతోషిస్తారు. ఆంప్‌కు (ధ్వనిని పెంచే యాంప్లిఫయర్‌కు) తగిలించాక, తాము మీటని తీగలు కూడా మోగడం విని కంగారు పడతారు. రెండింటికీ శ్రుతి ఒకటే, కార్డులూ (కలిపి మోగించే స్వరాలూ) అవే. మారేది చేతుల పని. అకౌస్టిక్‌పై మన శ్రమంతా నాదం పుట్టించడానికే సరిపోతుంది. ఎలక్ట్రిక్‌పై సగం శ్రమ అక్కరలేని నాదాన్ని ఆపడానికి కేటాయించాలి.

అకౌస్టిక్‌లో తీగ కంపనాన్ని చెక్క పెట్టె పెద్దది చేస్తుంది. ఎలక్ట్రిక్‌లో తీగల కింద అమర్చిన పికప్‌లోని అయస్కాంతమూ, దానిచుట్టూ చుట్టిన సన్నని రాగి తీగా కలిసి ఆ కదలికను విద్యుత్తుగా మారుస్తాయి, ఆంప్ దాన్ని పెంచుతుంది. కాబట్టి వేలు ఎత్తేటప్పుడు పక్క తీగకు తగిలిన చిన్న రాపిడి కూడా స్పష్టంగా వినబడుతుంది. అకౌస్టిక్‌కు వాడే కంచు తీగలకు పికప్ సరిగా స్పందించదు కనుక నికెల్ పూత ఉన్న ఉక్కు తీగలే వేయాలి. అకౌస్టిక్‌లో అన్నిటికన్నా సన్ననిదైన మొదటి తీగ మందం సాధారణంగా 0.012 అంగుళం ఉంటే, ఎలక్ట్రిక్‌లో 0.009 లేదా 0.010 ఉంటుంది.

ఇంత సన్నని తీగను పాత బలంతో నొక్కితే స్వరం పైకి జరుగుతుంది. నొక్కుడు ఎంత ఉండాలో తెలుసుకోవడానికి, వేలిని ఫ్రెట్ (మెడపై అడ్డంగా ఉండే లోహపు మెట్టు) పక్కనే తీగపై ఊరికే ఆనించి, మీటుతూ కొద్దికొద్దిగా బలం పెంచండి. గరగర పోయి స్వరం పలికిన చోట ఆగండి. అంతకు మించిన బలం అవసరం లేదు. ఈ అభ్యాసం రోజూ ఐదు నిమిషాలు చేస్తే పది పదిహేను రోజుల్లో ఎడమచేతి బిగువు సడలడం నేను చాలామందిలో గమనించాను.

ఇక తీగలను ఆపడం. కుడి అరచేతి చిటికెన వేలి వైపు అంచును, తీగలు బ్రిడ్జ్‌ను (గిటార్ ఒంటిపై తీగలు ఆనే పట్టీని) వదిలే చోట తేలికగా ఆనించి మీటితే స్వరం కుదించినట్టు, గుప్పుమని వస్తుంది. చేయి ఒక సెంటీమీటరు ముందుకు జరిగినా స్వరం పూర్తిగా చచ్చిపోతుంది. ఆ సరైన చోటును వెతుక్కోవడానికి ఓపిక కావాలి. సన్న తీగల బాధ్యత ఎడమచేతిది: రెండో తీగను నొక్కిన చూపుడు వేలి కొస మూడో తీగను తాకుతూ ఉండాలి, అదే వేలి లోపలి భాగం మొదటి తీగపై వాలి ఉండాలి. ఆంప్‌లో గెయిన్ (లోపలికి వచ్చే సంకేతం బలాన్ని పెంచే నాబ్) పెంచి, ఒక్క స్వరం మీటి, తక్కినవన్నీ నిశ్శబ్దంగా ఉన్నాయో లేదో చెవితో పరీక్షించండి.

అకౌస్టిక్‌పై కష్టమై, ఇక్కడ చేతికి చక్కగా అందేది బెండింగ్, అంటే నొక్కిన తీగను పక్కకు తోసి స్వరాన్ని పెంచడం. బొబ్బిలి వీణను దగ్గరగా చూసిన మన ప్రాంతం వారికి ఇది కొత్త కాదు. వైణికులు మెట్టుపై తీగను పక్కకు లాగి గమకం పలికించే పద్ధతే ఇది. మూడో తీగ తొమ్మిదో ఫ్రెట్‌పై స్వరాన్ని ముందు విని, ఉంగరం వేలిని ఏడో ఫ్రెట్‌పై పెట్టి, వెనుక మధ్య వేలిని, చూపుడు వేలిని తోడుగా నిలిపి, బొటనవేలిని మెడ పైఅంచుకు ఆనించి, వేళ్లతో కాక మణికట్టు తిప్పి పైకి తోయండి. ఏడో ఫ్రెట్‌ను షడ్జమం అనుకుంటే చేరవలసింది చతుశ్రుతి రిషభం. అక్కడికి చేరకుండా ఆగితే అపశ్రుతి అని చెవి వెంటనే పట్టేస్తుంది.

డిస్టార్షన్ (ధ్వనిని గరుకుగా మార్చే ప్రభావం) పెట్టినప్పుడు, కొన్ని తీగలను నొక్కకుండా వదిలి వాయించే ఆరు తీగల ఓపెన్ కార్డులు కలగాపులగంగా వినిపిస్తాయి. అప్పుడు ఆరో తీగ మూడో ఫ్రెట్, ఐదో తీగ ఐదో ఫ్రెట్ మాత్రమే పట్టుకుంటే షడ్జమ పంచమాలు రెండూ నిండుగా పలుకుతాయి. తీగలు ఆపే పరీక్షకు తప్ప మామూలు సాధనలో గెయిన్‌ను తక్కువతోనే మొదలుపెట్టడం మంచిది, ఎక్కువ గెయిన్ మీటడంలోని హెచ్చుతగ్గులను కప్పేస్తుంది. విశాఖ ఎం.వి.పి. కాలనీ వంటి చోట్ల అపార్ట్‌మెంట్లలో ఉండేవారు రాత్రిపూట హెడ్‌ఫోన్ వాడవచ్చు.

సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్ సహజంగానే కొంత గూఁ అంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక ఆ ధ్వనిలో అదీ, దాని గుణిజాలూ ఉంటాయి. తీగలను ముట్టగానే తగ్గితే కంగారు వద్దు. ఎర్త్ సరిగా ఉన్న మూడు పిన్నుల సాకెట్టుకే ఆంప్‌ను తగిలించండి. తీగలు ముట్టినప్పుడు జివ్వుమంటే మాత్రం వెంటనే ఆపి, ఎలక్ట్రీషియన్ చేత వైరింగ్ చూపించాలి.

విశాఖ సముద్రపు ఉప్పు గాలి ఉక్కు తీగలకు శత్రువు. బీచ్ రోడ్డు దగ్గర ఇల్లున్నవారు వాయించిన ప్రతిసారీ పొడి నూలుబట్టతో తీగలను పైనా కిందా తుడిచి, గిటార్‌ను సంచిలో పెట్టాలి. ట్రెమోలో బ్రిడ్జ్ (స్ప్రింగులపై కదిలే బ్రిడ్జ్) ఉన్న గిటార్‌కు తీగలు మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి విప్పవద్దు, స్ప్రింగులు బ్రిడ్జ్‌ను వెనక్కి లాగేస్తాయి. ఒకటి తీసి, కొత్తది బిగించి శ్రుతి చేశాకే రెండోదాన్ని ముట్టాలి.