రిజల్ట్స్ రోజున టెర్మినల్ ముందు కూర్చునేవాళ్లకు: మొదటి దెబ్బకే తొమ్మిది కొట్టకండి

ఇంటర్ ఫలితాలు విడుదలైన రోజు. ఫలితాలు చూపించే ఒక ప్రైవేటు సైట్‌కి సర్వర్లు చూసే కుర్రాడు నాకు ఫోన్ చేశాడు. గొంతు వణుకుతోంది. "అన్నా, టాప్‌లో ఒక పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్ 99 శాతం సీపీయూ తింటోంది. కిల్ -9 కొట్టాను. అది పోయింది. దానితో పాటు అన్నీ పోయాయన్నా."

నిజంగానే అన్నీ పోయాయి. (టాప్ అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌లను, అంటే ప్రాసెస్‌లను చూపే కమాండ్. కిల్ -9 అంటే ఒకదాన్ని అక్కడికక్కడే చంపే కమాండ్, నేను 'తొమ్మిది' అనేది దాన్నే.) పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో పిల్ల ప్రాసెస్ ఉంటుంది. వాటన్నిటికీ మెమరీ ఉమ్మడి. ఒక పిల్ల తొమ్మిది దెబ్బకి హఠాత్తుగా చస్తే, ఆ ఉమ్మడి మెమరీని సగంలో పాడుచేసి పోయిందేమోనని తల్లి ప్రాసెస్ అనుమానిస్తుంది. ఆ అనుమానం న్యాయమైనదే. అందుకని మిగతా కనెక్షన్లన్నీ తెంచేసి, చివరి చెక్‌పాయింట్ దగ్గర్నుంచి లాగ్ మళ్లీ చదువుకుని, అంతా సరిగ్గా ఉందనుకున్నాకే తలుపు తెరుస్తుంది. ఆ లోపల వచ్చిన ప్రతి పిల్లాడికీ "డేటాబేస్ రికవరీ మోడ్‌లో ఉంది" అన్న ఎర్రరే కనిపిస్తుంది. రికవరీ నాలుగు నిమిషాల్లో అయిపోయింది. కానీ అప్పటికి రిఫ్రెష్ కొడుతూ కూర్చున్న వేలమంది ఒక్కసారిగా మీదపడ్డారు, సైట్ మళ్లీ కూలింది. అలా గంట దాటింది.

ఇంకా పదో తరగతి ఫలితాలున్నాయి, ఎప్‌సెట్ ఉంది, ఆ తర్వాత కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకునే రోజులున్నాయి. చాలాచోట్ల ఆ రోజుల్లో డ్యూటీలో ఉండేది ఏడాది రెండేళ్ల అనుభవం ఉన్న పిల్లలే. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. పీఎస్ అంటే ఏమిటి, టాప్‌లోంచి బయటికి ఎలా రావాలి అన్నవి మీకు తెలుసు, వాటి జోలికి పోను.

ముందురోజే చేసుకోవాల్సినవి

మామూలు రోజు ఎలా ఉంటుందో దాచుకోండి. రద్దీ లేని ఒక మధ్యాహ్నం పీఎస్ ఏయూఎక్స్ (నడుస్తున్న ప్రాసెస్‌లన్నిటి జాబితా) కొట్టి, వచ్చింది ఒక ఫైల్‌లో పెట్టుకోండి. రోజూ నలభై పీహెచ్‌పీ వర్కర్లు ఉండే చోట రేపు నూట యాభై కనిపిస్తే అది తేడా అని అప్పుడే తెలుస్తుంది. ఆ ఫైల్ లేకపోతే ఏ నంబరు చూసినా టెన్షనే.

ప్రొడక్షన్ మెషీన్ ప్రాంప్ట్‌కి ఎర్ర రంగు వేయండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో (ప్రోగ్రామ్‌ల కోడ్ దాచుకునే సైట్) ఒక ఇంజినీరు రెండో డేటాబేస్ సర్వర్‌లో ఉన్నాననుకుని అసలు సర్వర్‌లోనే డేటా ఫోల్డర్ చెరిపేశారు. తేరుకుని ఆపేసరికి సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. దాదాపు ఆరు గంటల డేటా తిరిగి రాలేదు. జరిగినదంతా ఆ కంపెనీయే దాచకుండా బయటపెట్టింది. ఆయన అనుభవం లేనివారేం కాదు. బాగా పొద్దుపోయింది, రెండు విండోలూ చూడటానికి ఒకేలా ఉన్నాయి, అంతే.

డ్యూటీలో చూడటానికి మామూలు లాగిన్ వాడండి, రూట్ (అన్ని అధికారాలూ ఉన్న లాగిన్) వద్దు. మామూలు యూజర్ తన ప్రాసెస్‌లను తప్ప ఇంకొకరివి చంపలేడు. చూడటానికి ఆ లాగిన్ చాలు.

చూసేటప్పుడు మోసపోయే చోట్లు

పీఎస్ చూపే సీపీయూ శాతం ఇప్పటిది కాదు. ఆ ప్రాసెస్ పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా ఉన్న సగటు అది. పది గంటలు ఖాళీగా ఉండి, చివరి పది నిమిషాలు ఒక కోర్ మొత్తం తినేసిన ప్రాసెస్ పీఎస్‌లో 2 శాతం కూడా చూపదు. అదే టాప్‌లో 100 చూపుతుంది, ఎందుకంటే టాప్ గత మూడు సెకన్ల లెక్క చెబుతుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని "పీఎస్ తప్పు చూపిస్తోంది" అని తగువు పడినవాళ్లని చూశాను. టాప్‌లో 400 శాతం కనిపించినా కంగారొద్దు. నాలుగు కోర్లు వాడుతోందని దానర్థం.

మెమరీ దగ్గర ఇంకో పొరపాటు. అన్ని పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్‌ల ఆర్‌ఎస్‌ఎస్ (ఒక్కోటి ర్యామ్‌లో ఆక్రమించిన చోటు) కూడి "ర్యామ్ కంటే ఎక్కువ వాడేస్తోంది" అంటారు. ఉమ్మడి మెమరీ ఒక్కో ప్రాసెస్ ఖాతాలోనూ మళ్లీ మళ్లీ లెక్కకొస్తుంది. అలా కూడకండి.

పీఎస్‌లో ప్రాసెస్ స్థితి చూపే స్టాట్ కాలమ్‌లో డి అని ఉంటే ఆ ప్రాసెస్ డిస్క్ కోసమో, నెట్‌వర్క్ మీద ఉన్న ఫోల్డర్ కోసమో ఎదురుచూస్తోంది. చాలాసార్లు దానికి తొమ్మిది కూడా పని చేయదు. ఆ చదవడమో రాయడమో ముగిసేదాకా సిగ్నల్ దానికి చేరదు. లోడ్ యావరేజ్ (నడుస్తున్న, ఎదురుచూస్తున్న ప్రాసెస్‌ల సగటు సంఖ్య) 60 ఉండి సీపీయూ ఖాళీగా కనిపిస్తుంటే ముందు ఈ డి వరసలు లెక్కపెట్టండి, లినక్స్ వాటినీ లోడ్‌లో కలుపుతుంది. జెడ్ అని ఉంటే అది చచ్చిపోయి తల్లి ప్రాసెస్ కోసం పడి ఉంది. చచ్చినదాన్ని మళ్లీ చంపే పని లేదు, తల్లి సంగతి చూడండి.

అన్నిటికంటే ముఖ్యం: టాప్ తెరవగానే ఇంగ్లిష్ చిన్న సి అక్షరం నొక్కండి. అప్పటిదాకా ఇరవై వరసల్లో "పోస్ట్‌గ్రెస్, పోస్ట్‌గ్రెస్" అనో "జావా, జావా" అనో ఉన్నవి పూర్తి కమాండ్‌లతో విప్పుకుంటాయి. పోస్ట్‌గ్రెస్ అయితే ఒక్కో వరసలో యూజర్ పేరు, డేటాబేస్ పేరు, ఏ ఐపీ నుంచి వచ్చింది, సెలెక్ట్ చేస్తోందా, ఖాళీగా ఉందా, ట్రాన్సాక్షన్ తెరిచి వదిలేసిందా అన్నీ రాసి ఉంటాయి. ఆ కుర్రాడు సి నొక్కి ఉంటే ఆ వరసలో రిపోర్టుల యూజర్ పేరు, లోపలి ఆఫీసు ఐపీ, పక్కన సెలెక్ట్ అన్న మాట కనిపించేవి. ఎవరో ఆఫీసులో కూర్చుని జిల్లాలవారీ ఉత్తీర్ణత శాతం రిపోర్టు తెరిచారు. అంతే జరిగింది. ఒక ఫోన్ కాల్‌తో ఆగాల్సిన పని.

తొమ్మిది గురించి

కిల్ అని మాత్రమే కొడితే వెళ్లేది 15వ సిగ్నల్. సర్దుకుని వెళ్లమని చెప్పడం అది. ప్రోగ్రామ్ దాన్ని అందుకుని, చేతిలో ఉన్నది డిస్క్ మీద రాసి, లాక్‌లు వదిలి, తాత్కాలిక ఫైళ్లు తీసేసి పోతుంది. తొమ్మిది ప్రోగ్రామ్‌కి చేరనే చేరదు. కెర్నలే (ఆపరేటింగ్ సిస్టమ్ గుండె) దాన్ని మధ్యలో ఎత్తి పారేస్తుంది. సగం రాసిన ఫైల్ సగంగానే ఉంటుంది. లాక్ ఫైల్ అలాగే ఉండిపోయి, మళ్లీ స్టార్ట్ చేస్తే "ఇప్పటికే నడుస్తోంది" అంటుంది. నేను చూసిన పెద్ద నష్టాల్లో ఎక్కువ వాటికి మొదలు ఇదే. పని చేయని ప్రాసెస్ వల్ల కాదు, దానికి మొదటి దెబ్బకే తొమ్మిది కొట్టడం వల్ల.

"15 కొట్టాను, పోవట్లేదు" అంటారు. ఎంతసేపు ఆగారని అడిగితే ఐదు సెకన్లంటారు. లినక్స్‌లో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ మామూలుగా 90 సెకన్లు ఆగి, అప్పటికీ పోకపోతేనే తొమ్మిది పంపుతుంది. కంటెయినర్‌ని (విడిగా పెట్టి నడిపే ప్రోగ్రామ్‌ని) ఆపే డాకర్ స్టాప్ కూడా 10 సెకన్లు ఆగుతుంది. మెషీనే అంతసేపు ఆగేటప్పుడు మీకేం తొందర?

పోస్ట్‌గ్రెస్‌కి ఈ వరస పాటించండి. ముందు పీజీ_స్టాట్_యాక్టివిటీలో ఆ నంబరు ఏ క్వెరీ నడుపుతోందో చూడండి. తర్వాత పీజీ_క్యాన్సిల్_బ్యాకెండ్, అది క్వెరీని మాత్రమే ఆపుతుంది, కనెక్షన్ ఉంటుంది. అప్పటికీ వినకపోతే పీజీ_టెర్మినేట్_బ్యాకెండ్. తొమ్మిది ఈ వరసలోనే లేదు. మైఎస్‌క్యూఎల్‌లో కనెక్షన్లన్నీ ఒకే ప్రాసెస్‌లోని థ్రెడ్లు, కాబట్టి అక్కడ తొమ్మిది అంటే మొత్తం డేటాబేస్‌కే కొట్టినట్టు. లోపలికి వెళ్లి కిల్ క్వెరీ వాడండి.

జావా బిగుసుకుపోతే ముందు కిల్ -3 కొట్టండి. ఆ ప్రాసెస్ చావదు, ఏ థ్రెడ్ ఎక్కడ ఆగిందో లాగ్‌లో రాసి తన పని తాను చేసుకుంటుంది. తొమ్మిదితో చంపేస్తే ఆ సాక్ష్యం పోతుంది, మరుసటి రోజు అదే టైమ్‌కి అదే జబ్బు మళ్లీ వస్తుంది.

మళ్లీ చెబుతున్నాను, మొదటి దెబ్బకే తొమ్మిది కొట్టకండి.

మిగిలినవి వరసగా

- కిల్ కొట్టే ముందు హోస్ట్‌నేమ్ కొట్టండి. ప్రతిసారీ.
- ఐదు నిమిషాల కిందట చూసిన నంబరు మీద కొట్టకండి. మళ్లీ చూడండి. ప్రాసెస్ నంబర్లు తిరిగి వాడతారు, గరిష్ఠం 32768గా ఉన్న పాత మెషీన్లలో రద్దీ రోజున అవి త్వరగా తిరిగొస్తాయి. నిన్న రాసుకున్న నంబరు ఇవాళ ఇంకెవరిదో.
- టాప్‌లో కె అక్షరంతో జాగ్రత్త. వీఐ ఎడిటర్ అలవాటుతో పైకి జరుగుదామని కె నొక్కుతారు. టాప్ చంపాల్సిన నంబరు అడుగుతుంది, జాబితాలో మొదటిదాన్నే డీఫాల్ట్‌గా పెడుతుంది. కంగారులో ఎంటర్, మళ్లీ ఎంటర్. పోయింది. ఎస్కేప్ నొక్కండి. కొత్తవాళ్లకి టాప్ -ఎస్ అని తెరిచివ్వండి, అందులో కె పని చేయదు.
- పీకిల్ -ఎఫ్ (కమాండ్‌లో ఒక మాట ఉన్నవన్నీ చంపేది) కొట్టే ముందు అదే మాటతో పీగ్రెప్ -ఏఎఫ్ (వాటిని చూపించి ఊరుకునేది) కొట్టండి. ఏమేం పడతాయో కళ్లారా చూడండి. "రిజల్ట్" అని వెతికితే ఆ మాట ఉన్న ఫైల్‌ని పక్కవాళ్లు తెరుచుకున్న ఎడిటర్ కూడా పడుతుంది.
- కిల్ -9 -1 ఎప్పుడూ టైప్ చేయకండి. చివర -1 అంటే మీకు అధికారం ఉన్న ప్రాసెస్‌లన్నీ అని. రూట్‌గా కొడితే మెషీనే ఖాళీ.
- కిల్‌ఆల్ లినక్స్‌లో పేరు చూసి చంపుతుంది. సోలారిస్ అనే యూనిక్స్ సిస్టమ్‌లో అన్నిటినీ చంపుతుంది. పాత సర్వర్ ఉన్న చోట ఆ మాటే వాడొద్దు.
- చంపితే మళ్లీ లేస్తోందా? సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ తర్వాత ఆ నంబరు ఇవ్వండి, ఏ సర్వీసుదో చెబుతుంది. సర్వీసుని ఆపండి.
- కంటెయినర్ లోపల 1వ నంబరుని ముట్టుకోకండి. అది పోతే కంటెయినరే పోతుంది.
- ప్రాసెస్ తనంతట తాను మాయమైతే డీమెసేజ్ (కెర్నల్ రాసిన సందేశాలు) చూడండి. మెమరీ చాలక కెర్నలే చంపి ఉండొచ్చు. అప్పుడు మీరు ఇంకోటి చంపినా లాభం లేదు.
- పోస్ట్‌మాస్టర్ పిడ్ ఫైల్ (పోస్ట్‌గ్రెస్ తల్లి ప్రాసెస్ నంబరు ఉండే ఫైల్) చెరిపేయకండి. పాత పిల్లలు బతికుండగా రెండో తల్లి లేస్తే డేటా పాడవుతుంది. దీనికి రికవరీ మోడ్ లేదు.
- పీఎస్ స్క్రీన్‌షాట్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టకండి. కమాండ్‌లో రాసిన పాస్‌వర్డ్‌లు అందులో కనిపిస్తాయి.
- ఎవరో పంపిన గ్రెప్, ఆక్, ఎక్స్‌ఆర్గ్స్, కిల్ -9 కలిపిన ఒక్క లైను కాపీ పేస్ట్ చేయకండి.
- పక్కన ఒకరు లేకుండా రూట్‌గా కిల్ కొట్టకండి. నంబరు పైకి చదవండి, వాళ్లు స్క్రీన్ మీద చూసి అవునన్నాకే ఎంటర్.
- పైవాళ్లు ఫోన్‌లో "ముందు కొట్టెయ్, తర్వాత చూద్దాం" అని అరుస్తున్నా సరే, సి నొక్కి ఆ వరస పూర్తిగా చదవండి. చదివాక కూడా 15.