‘కమెండ్’ అనే ఇంగ్లీషు మాటను ఎక్కడ, ఎలా వాడాలి?

మా అన్నయ్య కూతురు మొన్న తన మేనేజర్‌కి థాంక్స్ చెప్తూ ఒక మెయిల్ రాసి, పంపే ముందు నాకు చూపించింది. మొదటి వాక్యం, "ఐ కమెండ్ యూ ఫర్ యువర్ సపోర్ట్, సర్." గ్రామర్ తప్పు లేదు, స్పెల్లింగ్ కరెక్టే, అయినా ఆ వాక్యం తీసేయమన్నాను. "కమెండ్ అంటే మెచ్చుకోవడమే కదా బాబాయ్, డిక్షనరీలో చూసే రాశాను" అంది. నిజమే, కానీ ఎవరు ఎవరిని మెచ్చుకుంటున్నారన్నది కూడా చూసుకోవాలి.

1. ముందు అవతలివాళ్లు ఎవరో చూసుకోండి

కమెండ్‌కి మన తెలుగులో బాగా దగ్గరగా వచ్చేది భుజం తట్టడం, శభాష్ అనడం. పిల్లాడు లెక్క సరిగ్గా చేస్తే మాస్టారు భుజం తడతారు, మాస్టారు పాఠం బాగా చెప్పారని పిల్లాడు వెళ్లి ఆయన భుజం తట్టడు కదా! అధికారి సిబ్బందిని కమెండ్ చేస్తారు, కేసు బాగా దర్యాప్తు చేసిన పోలీసుల్ని జడ్జి కమెండ్ చేస్తారు, తోటి ఉద్యోగి పని గురించి మీటింగులో మీరూ ఈ మాట అనొచ్చు. పైవాళ్లకి నేరుగా రాసేటప్పుడు మాత్రం "ఐ యామ్ గ్రేట్‌ఫుల్ ఫర్ యువర్ సపోర్ట్" అంటే మర్యాదగా ఉంటుంది. ఇంకో సంగతి, ఇది కాస్త లాంఛనమైన మాట. పులుసు బాగుందనో చీర బాగుందనో చెప్పడానికి కాంప్లిమెంట్ ఉంది, దానికి కమెండ్ తేవద్దు.

2. ఏ పని చేశారో చెప్పండి

"ది కలెక్టర్ కమెండెడ్ ది స్టాఫ్" అని ఆపేస్తే వాక్యం తప్పు కాదు గానీ వెలితిగా ఉంటుంది. వెంటనే ఫర్ పెట్టి, చేసిన పని రాయండి: "ఫర్ మూవింగ్ ది విలేజర్స్ టు సేఫ్టీ బిఫోర్ ది సైక్లోన్." ఫర్ తర్వాత నామవాచకం రావొచ్చు, లేదా ఐఎన్‌జీ రూపం. అబౌట్ మాత్రం వాడకండి. మన జిల్లాల్లో ఆగస్టు 15కీ జనవరి 26కీ ఉద్యోగులకి ప్రశంసా పత్రాలు ఇస్తారు కదా, దాని మీద "ఉత్తమ సేవలకు" అని మాత్రమే ఉంటే ఆ మనిషి పడ్డ కష్టం ఎవరికీ తెలియదు. ఫలానా పని అని ఒక్క లైను ఉంటే, పదేళ్ల తర్వాత వాళ్ల పిల్లలు చదివినా అర్థమవుతుంది. ఇలాంటివి రాసే అవకాశం మీకు వస్తే దయచేసి ఆ లైను వదలకండి.

3. పలకడం, స్పెల్లింగ్

"మెం" దగ్గర ఒత్తి పలకాలి. చివర డ వినబడకపోతే కమెంట్ అయిపోతుంది, మధ్యలో "మా" అంటే కమాండ్ అవుతుంది. స్పెల్లింగ్‌లో రెండు ఎమ్‌లు. దీని ముందు ఆర్, ఇ చేరిస్తే రికమెండ్, కాబట్టి ఇది వస్తే అది కూడా తప్పు లేకుండా వచ్చేస్తుంది.

4. "టు" కనబడితే ఆగి చదవండి

చాలామంది పొరబడేది ఇక్కడే. ఫిబ్రవరిలో బడ్జెట్ ప్రసంగం చివర మన ఆర్థిక మంత్రులు "ఐ కమెండ్ ది బడ్జెట్ టు దిస్ ఆగస్ట్ హౌస్" అంటుంటారు (ఇక్కడ ఆగస్ట్ అంటే నెల కాదు, గౌరవనీయమైన అని). అది బడ్జెట్‌ని పొగుడుకోవడం కాదు, "సభ చేతిలో పెడుతున్నాను, ఆమోదించండి" అని. లాటిన్‌లో ఈ మాటకి మూలమైన కొమెండారేకి అప్పగించడం అనే అర్థం ఉంది. గుడ్ ఫ్రైడే నాడు చర్చిలో వినే, సిలువ మీద యేసు పలికిన ఏడో మాట గుర్తుందా? "తండ్రీ, నీ చేతికి నా ఆత్మను అప్పగించుకొనుచున్నాను." 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో ఆ "అప్పగించుకొను" ఉన్నచోట ఉన్నది కమెండే. మన పెళ్లిలో అప్పగింతలప్పుడు "మా అమ్మాయి మంచిది, బాగా చూసుకోండి" అంటూ చేతిలో చెయ్యి పెడతారు చూడండి, అప్పగించడం, మంచిమాట చెప్పడం రెండూ అక్కడ కలిసే ఉంటాయి. నాకు ఈ మాట రెండు అర్థాలూ ఒకటే అని అర్థమైంది అలా ఆలోచించాకే.

5. దీని చుట్టాలు

కమెండబుల్ అంటే మెచ్చదగ్గ, కమెండేషన్ అంటే ప్రశంస. సైన్యంలో ఇచ్చే కమెండేషన్ కార్డు ఇదే. పోటీల్లో "హైలీ కమెండెడ్" అని వస్తే బహుమతి రాలేదు గానీ ప్రత్యేకంగా గుర్తించారని. అమెరికాలో మనవాళ్ల పిల్లలు రాసే నేషనల్ మెరిట్ అనే స్కాలర్‌షిప్ పోటీలో "కమెండెడ్ స్టూడెంట్" కూడా అంతే, సెమీఫైనలిస్ట్‌కి కింది మెట్టు, అయినా సంతోషించాల్సిన విషయమే.

ఇంతకీ మా అమ్మాయి ఆ మెయిల్లో కమెండ్ తీసేసి థాంక్స్ మామూలుగా చెప్పింది. తర్వాత కాసేపు ఆలోచించి కింద ఇంకో పేరా చేర్చింది, కొత్తగా చేరిన జూనియర్ గురించి: "ఐ వుడ్ లైక్ టు కమెండ్ హర్ ఫర్ స్టేయింగ్ బ్యాక్ ఆన్ ఫ్రైడే నైట్ అండ్ ఫిక్సింగ్ ది పేమెంట్ పేజ్." ఆ అమ్మాయిని కూడా సీసీలో పెట్టి పంపింది.