పేరుపై పొరుగు దేశాల పేచీ: తరగతి గదిలో రాయబార చర్చలు నడిపే విధానం

దౌత్యం గురించి పాఠం చెప్పడం తేలిక, విద్యార్థుల చేత దౌత్యం చేయించడం కష్టం. విశాఖపట్నంలో డిగ్రీ విద్యార్థులకు రాజనీతిశాస్త్రం బోధించే నేను, గ్రీస్‌కూ దాని ఉత్తరపు పొరుగుదేశానికీ మధ్య ‘మాసిడోనియా’ అనే పేరు గురించి నడిచిన వివాదాన్ని తీసుకుని కొన్నేళ్లుగా నమూనా చర్చలు జరిపిస్తున్నాను. 1991లో మొదలై 2019లో ముగిసిన ఆ వివాదంలో యుద్ధం జరగలేదు, సరిహద్దు గీతను ఎవరూ చెరపలేదు. పేచీ అంతా ఒక మాట చుట్టూ తిరిగింది. నేర్పడానికి అంతకన్నా అనువైన ఉదాహరణ నాకు దొరకలేదు కాబట్టి, ఇలాంటి అభ్యాసం చేయించదలచిన తోటి అధ్యాపకుల కోసం నా పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

పూర్వరంగాన్ని ఒక్క పుటలో ఇవ్వాలి, అంతకు మించితే విద్యార్థులు చరిత్రలో మునిగిపోతారు. 1991 సెప్టెంబరు 8న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణతో యుగోస్లావియా నుంచి విడివడిన దేశం తనను మాసిడోనియా గణతంత్రంగా ప్రకటించుకుంది. థెస్సలొనీకి ముఖ్యనగరంగా ఉన్న గ్రీస్ ఉత్తర ప్రాంతానికి కూడా అదే పేరు ఉండటం వల్ల, పేరు వెనుకే అలెగ్జాండరు వారసత్వం మీదా తమ భూభాగం మీదా హక్కు అడుగుతారని గ్రీస్ శంకించింది. తాము పిలుచుకునే పేరునే వదులుకోమనడం తమ ఉనికిని కాదనడమేనని రాజధాని స్కోప్యే వాదించింది. 1993 ఏప్రిల్‌లో ఐక్యరాజ్య సమితి ఆ దేశాన్ని ‘పూర్వపు యుగోస్లావ్ మాసిడోనియా గణతంత్రం’ అనే తాత్కాలిక ప్రస్తావనతో చేర్చుకుంది. 1994లో గ్రీస్ వాణిజ్య నిషేధం విధించింది. 1995 సెప్టెంబరు 13న కుదిరిన తాత్కాలిక ఒప్పందంతో నిషేధం తొలగింది, స్కోప్యే తన జెండా మార్చుకుంది, పేరు మాత్రం అలాగే మిగిలిపోయింది.

మొదటి ఏడాది నేను చేసిన పొరపాటు చెప్పడం అవసరం. ఐదు పేర్లు నల్లబల్ల మీద రాసి, ఒకటి ఎంచుకోమని రెండు జట్లకూ చెప్పాను. అరగంట పాటు ఇరువైపులా రంగస్థలం మీద రాయబారం పద్యాలు పాడినంత ఆవేశంగా ప్రసంగించారు గానీ, ఒక్కరూ కూర్చున్నచోటు నుంచి కదలలేదు. తప్పు వారిది కాదు. పేరును ఒకే ముద్దగా ముందు పెడితే ఎవరైనా ఔననో కాదనో అనగలరు తప్ప బేరమాడలేరు.

అందువల్ల ఇప్పుడు మొదటి గంట పేరును విడదీయడానికే కేటాయిస్తున్నాను. ఇందుకు మన ఊరే అక్కరకు వస్తుంది. మనం ఇంట్లో వైజాగ్ అంటాం, ముచ్చట్లలో విశాఖ అంటాం, దరఖాస్తులో విశాఖపట్నం అని రాస్తాం. పెద్దల నోట వాల్తేరు కూడా వినిపిస్తుంది. ఈ నాలుగింటిలో ఏది ఎక్కడ చెల్లుతుందో రాయమంటే, పేరుకూ దాన్ని వాడే పరిధికీ తేడా ఉందని విద్యార్థులకు తమంతట తామే బోధపడుతుంది. గ్రీస్ పట్టుదలలో అసలు కీలకం ఇదే: కొత్త పేరు విదేశాలతో వ్యవహారాలకే కాక, దేశం లోపల, రాజ్యాంగంలో కూడా చెల్లాలన్నది దాని షరతు. తరువాత ‘ఉత్తరాంధ్ర’ అనే మాట గురించి అడుగుతాను. దిక్కును ముందు చేర్చినంత మాత్రాన శ్రీకాకుళం మనిషి ఆంధ్రత్వం తరగదు. ఆ మాట తక్కిన ఆంధ్ర కూడా ఉందని మాత్రమే చెబుతుంది. అయితే మన మాట మనం పెట్టుకున్నది, వారి మాట పొరుగువాడి ఒత్తిడి మీద వచ్చినది. ఈ భేదాన్ని దాచకుండా చెప్పాలి, లేకపోతే స్కోప్యే జట్టు బాధ ఎవరికీ అర్థం కాదు.

ఆ తరువాత ఒక్కో అంశానికి ఒక్కో చీటీ రాయించండి: దేశం పేరు, వాడే పరిధి, భాష పేరు, పౌరసత్వం పేరు, దేశ సంకేతాక్షరాలు, చిహ్నాలు, పాఠ్యపుస్తకాలు, మార్పుకు గడువు. ప్రతి జట్టూ ఎదుటివారికి చూపకుండా, వీటిలో ప్రాణం పోయినా వదలలేనిది ఏది, ఇచ్చి పుచ్చుకోగలిగింది ఏది అని విడదీసుకోవాలి. ఇది జరిగితే సగం పని అయినట్టే. 2018 జూన్ 17న ప్రెస్పా సరస్సు ఒడ్డున సంతకమైన ఒప్పందం కూడా ఇలాంటి పంపకమే. దేశం పేరు ‘ఉత్తర మాసిడోనియా’ అయింది, అది అన్ని వాడుకలకూ వర్తించింది. అందుకు ప్రతిగా భాష పేరు మాసిడోనియన్‌గానే నిలిచింది, కాకపోతే అది దక్షిణ స్లావ్ భాషా కుటుంబానికి చెందిందని రాసుకున్నారు. ఎంకే, ఎంకేడీ అనే సంకేతాక్షరాలు యథాతథంగా ఉన్నాయి, వాహనాల పలకల మీద మాత్రం మారాయి. ఆ పలకల సంగతికి విద్యార్థులు నవ్వుతారు, నవ్వనివ్వండి. రాయబారుల కాలం చాలావరకు అలాంటి వాటికే పోతుంది.

ఆ ఒప్పందంలోని ఏడో అధికరణాన్ని మాత్రం తీరిగ్గా చదివించాలి. ‘మాసిడోనియా’ అనే మాటను ఇరుపక్షాలూ వేర్వేరు చారిత్రక సందర్భాలతో, వేర్వేరు సాంస్కృతిక వారసత్వాలతో అర్థం చేసుకుంటున్నాయని అందులో ఒప్పుకున్నారు. అంటే ఎవరి చరిత్ర సరైనదో తేల్చకుండా, తేల్చలేదన్న సంగతినే కాగితం మీద పెట్టారు. ఇలాంటి వాక్యం ఒకటి విద్యార్థుల చేత సొంతంగా రాయించండి. నా అనుభవంలో రెండు రోజుల అభ్యాసంలోకెల్లా కఠినమైన పని అదే.

మధ్యవర్తి పాత్రకు తరగతిలో ఎక్కువ మాట్లాడే విద్యార్థిని ఎంచుకోకండి. ఐక్యరాజ్య సమితి తరఫున 1999 నుంచి ఈ బాధ్యత మోసిన మాథ్యూ నిమెట్జ్ ఏళ్ల తరబడి ప్రతిపాదనలు తెస్తూ, వద్దంటే వెనక్కి తీసుకుపోతూ ఓపిక పట్టాడు. మధ్యవర్తి తీర్పు చెప్పకూడదు, ఇరుపక్షాల చీటీలు మార్పిడి చేయాలి, అంతే. తీర్పుతో పని కాదనడానికి రుజువు కూడా ఉంది: 2008లో బుకారెస్ట్ శిఖరాగ్ర సమావేశంలో నాటో ఆహ్వానాన్ని గ్రీస్ అడ్డుకున్నప్పుడు స్కోప్యే అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లి, 2011లో 15–1 ఓట్లతో గెలిచింది, అయినా సభ్యత్వం రాలేదు.

మాటలు బిగుసుకుపోయినప్పుడు ఒక జట్టు ఏమీ అడగకుండానే చిన్నపాటి సద్భావన చూపే వీలు నిబంధనల్లో ఉంచండి. 2018 ఆరంభంలో స్కోప్యే ప్రధాని జొరాన్ జాయెవ్ ప్రభుత్వం స్కోప్యే విమానాశ్రయానికి ఉన్న అలెగ్జాండరు పేరు తీసేసింది, అదే పేరున్న రహదారిని ‘మైత్రి’ రహదారిగా మార్చింది. ఆ సంగతి ముందుగా చెప్పకండి, జట్లు స్వయంగా కనిపెట్టాలి.

రెండో రోజు మధ్యాహ్నం సంతకాలు అయ్యాక అభ్యాసం ముగిసిందనుకుని కుర్చీలు సర్దడం మొదలుపెడతారు, సర్దనివ్వకండి. మిగిలిన తరగతిని రెండు పార్లమెంటులుగా కూర్చోబెట్టి, చర్చల్లో పాల్గొన్నవారు తమవారినే ఒప్పించేలా చేయాలి. స్కోప్యేలో 2018 సెప్టెంబరు 30 ప్రజాభిప్రాయ సేకరణలో ఓటేసినవారిలో 90 శాతానికి పైగా సమ్మతించినా, ఓటుకు వచ్చినవారు దాదాపు 37 శాతమే. అవసరమైన సగం మంది రాలేదు. చివరికి 2019 జనవరి 11న 120 మందిలో 81 మంది ఓటుతో రాజ్యాంగ సవరణ నెగ్గింది. అదే నెల 25న గ్రీస్ పార్లమెంటులో 300 మందిలో 153 మంది ఒప్పందాన్ని ఆమోదించారు. మీ తరగతిలో ఓట్లు లెక్కించేటప్పుడు రాజ్యాంగ సవరణకు మూడింట రెండొంతులు కావాలన్న నిబంధన స్కోప్యే వైపు తప్పక పెట్టండి, గ్రీస్ వైపు సాధారణ మెజారిటీ చాలు. ఓటు ఓడిపోతే జట్లను మళ్లీ బల్ల దగ్గరికి పంపి, ఏ చీటీ మార్చాలో వెతకమని ఒక గంట గడువివ్వండి.