రెయిన్‌కోటు వేసుకున్నా లోపల తడిసిపోతున్నారా? సమస్య – పరిష్కారం

మన నెల్లూరు, ప్రకాశం వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ముసురు పట్టినా పగటిపూట ఉక్క మాత్రం పోదు. ఆ వానలో రెయిన్‌కోటు వేసుకుని సైకిల్ తొక్కితే అరగంటలో చొక్కా పిండేలా అవుతుంది. మొదటిసారి నెల్లూరు నుంచి మైపాడు బీచ్‌కి అలా వెళ్ళినప్పుడు, కోటు కారుతోందనుకుని వారం తిరక్కుండా ఇంకా మందపాటిది కొన్నాను. అందులో ఇంకా ఎక్కువ తడిశాను. మొదటి కోటుకు ఏ చిల్లూ లేదు, ఆ తడి అంతా నా చమటే. మీ డబ్బు అలా పోకూడదని ఇది రాస్తున్నాను.

ముందు తేల్చుకోవాల్సింది: వాన నీళ్ళా, చమటా?

వాన లేని సాయంత్రం కోటు వేసుకుని, జిప్ పూర్తిగా పెట్టి, పావుగంట గబగబా నడవండి. లోపల తడిస్తే అది చమట. ఇంకో రోజు అదే కోటుతో షవర్ కింద పది నిమిషాలు కదలకుండా నిలబడండి. అప్పుడు తడిస్తే కోటు కారుతున్నట్టు. ఈ రెండూ చూడకుండా కొత్తది కొనవద్దు.

లక్షణం: వీపు, చంకలు, ముంజేతులు తడి, ఒళ్ళంతా వేడి

కారణం ప్లాస్టిక్ పూత. పీవీసీ కోటు వాననూ రానివ్వదు, చమట ఆవిరినీ పోనివ్వదు. ఒక లీటరు చమట ఆవిరైతే సుమారు 580 కిలో క్యాలరీల వేడి ఒంట్లోంచి పోతుంది. ఆవిరి కాకుండా కారిపోతే ఒళ్ళు చల్లబడదు, నీరసం మాత్రం వస్తుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం మొదలైతే వాన పడుతున్నా సరే, ఆగి కోటు విప్పేయండి, నీళ్ళు తాగండి.

గాలాడే కోటు కొంటే సరిపోతుంది కదా అంటారు. 1969లో అమెరికాలో బాబ్ గోర్ టెఫ్లాన్‌ను సాగదీసి చేసిన పొరతో గోర్‌టెక్స్ రకం బట్టలు వచ్చాయి. వాటి సన్న రంధ్రాల్లో నీటి చుక్క దూరదు, ఆవిరి దూరుతుంది. కానీ ఆ ఆవిరిని బయటికి తోసేది లోపలికీ బయటికీ ఉన్న తేమ తేడా. బయట 5 డిగ్రీల చలి ఉంటే ఆ తేడా చాలా ఎక్కువ. మన నవంబరు వానలో బయట 25 డిగ్రీలు, గాలి నిండా తేమ. తోసే బలం దాదాపు సగానికి పడిపోతుంది. లేబుల్ మీద ఆవిరి ఎంత పోతుందో చెప్పే పెద్ద అంకె చూసి వేలకు వేలు పోసిన కోటు ఇక్కడ నిరాశపరిచేది అందుకే.

మనకు కావాల్సింది గాలి దారి. నాట్లు వేసే ఆడవాళ్ళు యూరియా సంచిని మూల మడిచి తల మీంచి వీపు మీదికి వేసుకోవడం చూసే ఉంటారు. పైన వాన ఆగుతుంది, కింద అంతా గాలే. కోటు కొనేటప్పుడు నేను వెతికేదీ అదే: చంకల కింద జిప్పులు, వీపు మీద కప్పు ఉన్న గాలి సందు, లోపల జాలీ గుడ్డ, ఒక సైజు వదులు. సైకిల్‌కీ, నడకకీ ఇది చాలు. ఉదయగిరి కోట ఎక్కేవాళ్ళకు పక్కలు తెరిచి ఉండే పాంచో నయం. ఉరుములు, మెరుపులు ఉంటే మాత్రం కొండ ఎక్కవద్దు. బైక్ మీద వెళ్ళేవాళ్ళకు ఒళ్ళు కష్టపడేది తక్కువ కాబట్టి మామూలు పీవీసీ సెట్ బాగానే పనిచేస్తుంది.

లక్షణం: కోటు మంచిదే, లోపల చొక్కా ఒంటికి అతుక్కుపోతోంది

నూలు బనియన్, జీన్స్ నీళ్ళు పీల్చి వదలవు. పల్చటి పాలియెస్టర్ స్పోర్ట్స్ టీషర్టు ఒక్కటే వేసుకోండి.

లక్షణం: గాలాడే కోటు, ఒకప్పుడు బాగుండేది, ఇప్పుడు ఉక్కపోస్తోంది

పైన నీళ్ళు చల్లి చూడండి. ముత్యాల్లా జారకుండా బట్టలోకి పాకితే, పైపూత అరిగినట్టో, మురికి పట్టినట్టో. కోటు కారకపోయినా, తడిసిన పైబట్ట ఆవిరి దారిని మూసేస్తుంది. కొద్దిగా లిక్విడ్ సోప్‌తో ఉతికి, రెండుసార్లు జాడించండి. బట్టలు మెత్తబడేందుకు కలిపేవి వాడొద్దు. లేబుల్ ఒప్పుకుంటే పైన గుడ్డ వేసి తక్కువ వేడితో ఇస్త్రీ చేయండి, పూత మళ్ళీ పనిచేస్తుంది. అప్పటికీ నీళ్ళు జారకపోతే వాటర్‌ప్రూఫ్ స్ప్రే కొట్టాలి. పీవీసీకి ఇస్త్రీ పెట్టె తగిలించవద్దు.

లక్షణం: భుజాల దగ్గరే నీళ్ళు దిగుతున్నాయి

బ్యాగు పట్టీలు ఒరుసుకుని కుట్ల మీది టేపు లేచి ఉంటుంది. లోపలివైపు తిప్పి చూడండి. కుట్లకు రాసే సీలెంట్ పూసి ఒక రాత్రి ఆరనివ్వాలి.

లక్షణం: లోపలి పూత జిగురుగా, పొట్టులా రాలుతోంది

దీనికి మరమ్మతు లేదు, కోటు మార్చాల్సిందే. తడి కోటును మడిచి డిక్కీలో పెడితే మన తేమకు ఈ గతి త్వరగా పడుతుంది. బీచ్ నుంచి రాగానే మంచినీళ్ళతో కడిగి, జిప్పుల్లోని ఉప్పు పోయేలా రుద్ది, నీడలో హ్యాంగర్‌కు తగిలించండి. పూర్తిగా ఆరాకే లోపల పెట్టండి.