యూకే పేస్లిప్ పాఠాలు – 3వ భాగం: ట్యాక్స్ కోడ్, సేవింగ్స్ వడ్డీ

ముందుగా పోయిన భాగంలో ఇచ్చిన లెక్కకు జవాబు. నెలకు 1,200 పౌండ్ల జీతానికి ట్యాక్స్ కోడ్ (ఎంత ట్యాక్స్ కోయాలో యజమానికి చెప్పే, పేస్లిప్ మీద కనిపించే గుర్తు) 1257ఎల్ అయితే ఎంత పోతుంది, బీఆర్ అయితే ఎంత అని అడిగాను. నెలకు 1,200 పౌండ్ల జీతానికి కోడ్ 1257ఎల్ ఉంటే ఇన్‌కమ్ ట్యాక్స్ సుమారు 30 పౌండ్లు. అదే జీతానికి బీఆర్ కోడ్ పడితే 240. పని అదే, గంటలూ అవే. నెలకు రెండొందల పౌండ్లు పైగా తేడా వచ్చింది కోడ్ దగ్గరే. అందుకే ఈ భాగమంతా దాని మీదే. మీ పేస్లిప్ పక్కన పెట్టుకుని చదవండి.

కోడ్‌లోని అంకెకు చివర సున్నా చేర్చి చూడండి. 1257 అంటే 12,570 పౌండ్లు. ఏడాదిలో, అంటే ఏప్రిల్ 6 నుంచి మరుసటి ఏప్రిల్ 5 వరకు, ఆ మొత్తం దాకా ట్యాక్స్ లేదు. దీన్నే పర్సనల్ అలవెన్స్ అంటారు. బీఆర్ అంటే ఆ అలవెన్స్ ఈ ఉద్యోగానికి అసలు ఇవ్వలేదని, మొదటి పౌండు నుంచీ 20 శాతం కోస్తున్నారని అర్థం. 0టీ ఉన్నా అలవెన్స్ లేనట్టే. చివర ఎం1 లేదా డబ్ల్యూ1 ఉంటే అది ఎమర్జెన్సీ కోడ్. ఏ నెల లెక్క ఆ నెలకే చూస్తారు కాబట్టి, ముందు నెలల్లో వాడని అలవెన్స్ కలిసిరాదు. స్కాట్లాండ్‌లో ఉన్నవాళ్లకు ముందు ఎస్ అక్షరం కనిపిస్తుంది, కంగారు పడకండి.

మన పిల్లలకు బీఆర్ ఎక్కువగా ఎలా పడుతుందంటే, చేరిన రోజు ఇచ్చే స్టార్టర్ చెక్‌లిస్ట్ వల్ల. అందులో ఏ, బీ, సీ అని మూడు స్టేట్‌మెంట్లు ఉంటాయి. సీ అంటే నాకు ఇంకో ఉద్యోగం కూడా ఉంది అని. పాత ఉద్యోగం మానేసి వచ్చినా హడావుడిలో సీ టిక్ చేసేవాళ్లు చాలామంది. మానేసి ఉంటే పీ45 (పాత యజమాని ఇచ్చే జీతం, ట్యాక్స్ వివరాల కాగితం) ఇవ్వండి, అది చేతికి రాకపోతే బీ టిక్ చేయండి.

నిజంగానే రెండు ఉద్యోగాలు ఉన్నాయనుకుందాం. కేర్ హోమ్‌లో ఏడాదికి 9,000, షాపులో 3,000. షాపు జీతం మీద బీఆర్ కాబట్టి 600 పౌండ్లు పోతాయి. కానీ మొత్తం ఆదాయం 12,000, పరిమితి కంటే తక్కువే. ఆ 600 మొత్తం మీకు తిరిగి రావాల్సిందే. యూకే పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీకి చెప్పి అలవెన్స్‌ను రెండు ఉద్యోగాలకూ పంచమనండి. కేర్ హోమ్‌కు 900ఎల్, షాపుకు 357ఎల్ వస్తే ఇక కోత ఉండదు. పోయిన సంవత్సరాల డబ్బు కూడా నాలుగేళ్ల లోపు అడగొచ్చు: 2022-23 సంవత్సరానిదైతే 2027 ఏప్రిల్ 5 వరకు. ఇది మీరే ఉచితంగా చేసుకోగల పని. కమీషన్ తీసుకునే రీఫండ్ ఏజెంట్లకు దయచేసి సంతకాలు పెట్టకండి.

ఇక వడ్డీ. 2016 ఏప్రిల్ 6కు ముందు బ్యాంకులు వడ్డీలో 20 శాతం పట్టుకుని ఇచ్చేవి. తక్కువ ఆదాయం వాళ్లు ఆర్85 ఫారం ఇచ్చి ఆపించుకునేవారు. ఇప్పుడు పూర్తి వడ్డీ చేతికే వస్తుంది, ఆ ఫారం అవసరం లేదు. అయితే బ్యాంకు ఆ వడ్డీ వివరాలు హెచ్‌ఎంఆర్‌సీకి పంపుతుంది. అక్కడి నుంచి అది మీ కోడ్‌లోకి వస్తుంది.

తక్కువ జీతం ఉన్నవాళ్లకు వడ్డీ మీద రెండు రక్షణలు ఉన్నాయి. ఒకటి 5,000 పౌండ్ల దాకా సున్నా శాతం రేటు. జీతం 12,570 దాటిన ప్రతి పౌండుకూ ఇందులో ఒక పౌండు తగ్గుతుంది. రెండోది, 20 శాతం ట్యాక్స్ కట్టేవాళ్లకు 1,000 పౌండ్ల సేవింగ్స్ అలవెన్స్. జీతం 15,000 అయితే 2,430 దాటినట్టు. 5,000లో అది తీసేస్తే 2,570, దానికి 1,000 కలిపితే 3,570. అంత వడ్డీ వరకు పన్ను లేదు.

ఇప్పుడు మీ కోడ్ 1137ఎల్‌గా మారి వచ్చిందనుకోండి. కోడ్ ఎలా వేశారో చూపిస్తూ హెచ్‌ఎంఆర్‌సీ పంపే కోడింగ్ నోటీసులో పన్ను కోయని వడ్డీ అనే వరుస వెతకండి. అక్కడ 1,200 తగ్గించి ఉంటే నెలకు 20 పౌండ్లు అదనంగా పోతున్నట్టు. ఆ అంచనా తరచుగా పాత సంవత్సరం వడ్డీని బట్టి వేస్తారు. ఆ డబ్బు ఇంటి డిపాజిట్‌కు కట్టేసి ఉంటే ఈ ఏడు వడ్డీయే లేదు కదా! హెచ్‌ఎంఆర్‌సీ యాప్‌లో గానీ ఫోన్ చేసి గానీ ఈ ఏడాది నిజంగా ఎంత వస్తుందో చెప్పి, అంచనా మార్పించండి. 15,000 జీతం వాళ్లయితే పై లెక్క కూడా చూపించండి.

ఇండియాలోని ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ (విదేశీ సంపాదన దాచుకునే ఎన్‌ఆర్‌ఐ ఖాతా) వడ్డీకి అక్కడ పన్ను లేకపోయినా, యూకే రెసిడెంట్‌కు ఇక్కడ లెక్కలోకి వస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లకు 2025 ఏప్రిల్ నుంచి నాలుగేళ్ల మినహాయింపు ఉంది గానీ, అది అడిగితే పర్సనల్ అలవెన్స్ పోతుంది. చిన్న జీతం వాళ్లకు అది నష్టం కావచ్చు. వచ్చే భాగంలో వివరంగా చూద్దాం.

అప్పటిదాకా ఈ లెక్క చేసి పెట్టుకోండి: జీతం 16,000, వడ్డీ 2,900. ఎంత వడ్డీ మీద ట్యాక్స్ పడుతుంది, ఎంత కట్టాలి?