కంపెనీల చందాల లెక్క: 3వ పాఠం – ఏడున్నర శాతం

పార్టీలు ఎన్నికల సంఘానికి ఇచ్చే నివేదికలో 20,000 రూపాయలు దాటిన చందాదారుల పేర్లు ఎక్కడుంటాయో గత పాఠంలో చూశాం. ఈసారి చందా ఇచ్చిన కంపెనీ పుస్తకాలు తెరుద్దాం.

2013 కంపెనీల చట్టం 182వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఒక ఆర్థిక సంవత్సరంలో పార్టీలకిచ్చే మొత్తం, అంతకుముందు మూడేళ్ల నికర లాభాల సగటులో 7.5 శాతం దాటకూడదు. బోర్డు తీర్మానం తప్పనిసరి. ప్రభుత్వ కంపెనీలు, మూడేళ్లు నిండనివి అసలు ఇవ్వకూడదు.

ఒక ఊహా కంపెనీ 2024-25లో చందా ఇచ్చిందనుకోండి. ముందు మూడేళ్ల లాభాలు వరుసగా 4, 6, 8 కోట్లు. సగటు 6 కోట్లు, అందులో 7.5 శాతం అంటే 45 లక్షలు. 2024-25లో లాభం 20 కోట్లకు ఎగబాకినా సరే, పరిమితి 45 లక్షలే. చందా ఇచ్చిన ఏడాది లాభాన్ని లెక్కలోకి లాగడం దగ్గరే ఎక్కువగా బోల్తా పడతాం. ఇంకోటి, ఈ 45 లక్షలు పార్టీకింత అని కాదు, అన్ని పార్టీలకూ కలిపి.

అంకెల కోసం వార్షిక నివేదికలో స్టాండ్‌అలోన్ (ఆ ఒక్క కంపెనీదే అయిన) లాభనష్టాల ఖాతా చూడండి. అనుబంధ సంస్థలను కలిపిన కన్సాలిడేటెడ్ ఖాతా వద్దు. చందా మొత్తం సాధారణంగా ‘ఇతర ఖర్చులు’ నోట్‌లో, సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) ఖర్చుకు అటో ఇటో, చిన్న అక్షరాల్లో నక్కి ఉంటుంది.

ఈ కొలత అన్ని ఏళ్లకూ పనికిరాదు. 2017 ఫైనాన్స్ చట్టం ఈ పరిమితినే ఎత్తేసింది, ఏ పార్టీకి ఇచ్చారో రాయక్కర్లేదంది. నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా ఎంతైనా ఇవ్వొచ్చన్నమాట! నా దృష్టిలో ఎలక్టోరల్ బాండ్ల (ఇచ్చినవారి పేరు బయటపడకుండా బ్యాంకులో కొని పార్టీలకు ఇచ్చిన పత్రాలు) రహస్యం కంటే ఇదే పెద్ద కన్నం. సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న బాండ్లతో పాటు ఈ సవరణనూ కొట్టేసింది. కాబట్టి ఆ మార్చిలో బయటపడ్డ బాండ్ల జాబితాలో హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్ పేరిట సుమారు 966 కోట్లు కనిపించగానే ఏడున్నర శాతంతో కొలిచేసి తీర్పు చెప్పకండి. ఆ బాండ్లు కొన్ననాడు పరిమితే లేదు.

సాధన: మూడేళ్ల లాభాలు 5, 7, 3 కోట్లు. నాలుగో ఏడాది 2024-25లో ఆ కంపెనీ రెండు పార్టీలకు చెరో 20 లక్షలు ఇచ్చింది. పరిమితి దాటిందా? ఇదే చందా 2019-20లో ఇచ్చి ఉంటే? జవాబులు వచ్చే పాఠంలో. అందులోనే ఎలక్టోరల్ ట్రస్టుల (చందాలు పోగుచేసి పార్టీలకు పంచే సంస్థలు) ద్వారా వెళ్లే డబ్బును పట్టుకోవడం కూడా నేర్చుకుందాం.