సవరను డబ్బీని గుర్తుపట్టడం – 4వ పాఠం: మీరు పెట్టి చూసింది ఏ సంవత్సరపు రూపాయి?

సవరను అంటే ఇంగ్లండు బంగారు నాణెం. సవరను డబ్బీ అంటే ఆ నాణేలు పెట్టుకుని, గొలుసుకు తగిలించి జేబులో వేసుకునే చిన్న డబ్బీ. ఈ పాఠంలో దాని మీద కొట్టిన ముద్రలు చదవడం మొదలుపెట్టాలి. కానీ పోయినసారి నేను చెప్పిన రూపాయి పరీక్ష, అంటే సవరను బదులు రూపాయి బిళ్ల పెట్టి డబ్బీలో సరిగ్గా నిలుస్తుందో లేదో చూడడం, చేసి, చాలామంది మంచి డబ్బీలను పనికిరానివని పక్కన పడేశారు. ఒకాయన అయితే ఇంట్లో ఏళ్ల తరబడి ఉన్నదాన్ని పాతసామాన్లవాళ్లకు ఇచ్చేయబోయి, ఎందుకో ఆగి నాకు ఫొటో పంపారు. డబ్బీ నిక్షేపంలా ఉంది. పెట్టి చూసిన రూపాయే వేరు. సంవత్సరం చెప్పకపోవడం నా తప్పు. ముందు అది సరిచేద్దాం.

సవరను అడ్డుకొలత 22.05 మిల్లీమీటర్లు, మందం ఒకటిన్నర మిల్లీమీటర్లు, బరువు 7.98 గ్రాములు. మనం కాసు అని ఎనిమిది గ్రాములు లెక్కగట్టేది దాదాపు ఈ బరువే. పరీక్ష కోసం సవరను కొనక్కర్లేదు. రూపాయి బిళ్ల చాలు, కానీ ఏ రూపాయి పడితే అది కాదు. 2012 నుంచి 2018 వరకు సంవత్సరం వేసి ఉన్న రూపాయి అడ్డుకొలత 22 మిల్లీమీటర్లు. మనకు కావలసింది అదే. ఆ తర్వాత వచ్చిన కొత్త నమూనా 20 మిల్లీమీటర్లే. అంతకు ముందున్న స్టీలు రూపాయి 25. ఇప్పుడు చిల్లరలో ఎక్కువగా దొరికేది చిన్నది. మీలో చాలామంది దాన్నే పెట్టారు. అది అంచు కింద నిలవకుండా కదిలింది, పైకి తన్నుకొచ్చింది. డబ్బీ వదులుగా ఉంది కాబట్టి నకిలీ అని తేల్చేశారు. పెద్దది పెట్టినవాళ్లకు అసలు లోపలికే పోలేదు.

అర సవరను గూటికి, అంటే 19.3 మిల్లీమీటర్ల నాణేనికి, 2012 తర్వాతి యాభై పైసల బిళ్ల పెట్టండి. అది 19. ఇప్పుడు బజారులో అరుదే గానీ, దేవుడి గూట్లో వెతికితే ఒకటైనా దొరుకుతుంది.

ఇంకో సంగతి. ఒక్క బిళ్ల పెట్టి ఆపేయకండి, నాలుగు పెట్టండి. లోపల స్ప్రింగు మీద కూర్చున్న గుండ్రటి పలక ఉంటుంది. నాణేన్ని దాని మీద పెట్టి కిందికి నొక్కుతూ పక్కకు జరిపితే అంచు కిందికి వెళ్లి ఆగుతుంది. తర్వాతిది దాని మీద. తీసేటప్పుడు బొటనవేలితో పైదాన్ని నెడితే అదొక్కటే బయటికి రావాలి, కిందిది వెంటనే పైకి లేచి దాని చోట్లో నిలబడాలి. చీకట్లో గుర్రపుబండి దిగినవాడు చూడకుండా ఒక్క సవరను తీసి ఇవ్వగలగాలి. ఆ డబ్బీ చేసిందే అందుకు. ఒకేసారి రెండు జారితే అంచు అరిగింది. రెండోది పైకి లేవకపోతే స్ప్రింగు చచ్చింది. స్ప్రింగు చచ్చినంత మాత్రాన డబ్బీ నకిలీ కాదు, నూరేళ్ల స్ప్రింగు మరి.

అమెరికా నుంచి ఒకావిడ రాశారు: “సరైన రూపాయే పెట్టానండీ, అయినా పట్టలేదు.” ఆవిడ డబ్బీలో మూడు గూళ్లున్నాయి. కొలిపిస్తే ఒకటి 18కి, ఒకటి 21కి, ఒకటి 24కి కాస్త అటూ ఇటూగా తేలాయి. అవి వరసగా పది సెంట్లు, ఐదు సెంట్లు, పావు డాలరు. పాతదే, వెండిదే, గొలుసుకు వేసుకునేదే, కానీ చిల్లర కోసం చేసింది. ఒక గూడు చూసి తేల్చకండి, పక్క గూడు కూడా కొలవండి. 22 పక్కన 19 ఉంటే సవరను, అర సవరను డబ్బీ. ఆవిడ డబ్బీ మీద ఇంగ్లండు ముద్రల బదులు ‘స్టెర్లింగ్’ అన్న మాట ఒక్కటే ఉంది. అమెరికా పనికి అది మామూలు.

ఇక ముద్రలు.

ఇంగ్లండు వెండి మీద నాలుగు చూడాలి: చేసినవాడి పొడి అక్షరాలు, నడుస్తున్న సింహం, ఊరి గుర్తు, సంవత్సరానికి ఒక అక్షరం. సింహం అంటే స్టెర్లింగ్ వెండి, వెయ్యికి 925 వంతులు. బర్మింగ్‌హామ్ గుర్తు లంగరు. చెస్టర్‌ది మూడు గోధుమ పనలు, మధ్యలో కత్తి. లండన్‌ది చిరుత తల. లంగరు కనబడగానే ఓడలవాళ్ల వస్తువని రాయకండి. బర్మింగ్‌హామ్‌కు సముద్రమే లేదు. ఈ డబ్బీల్లో మీకు ఎక్కువగా తగిలేది ఆ ఊరి పనే. రాణి తల ముద్ర కూడా ఉంటే 1890కి ముందుది, ఆ ఏడాది వెండి మీద పన్ను ఎత్తేశారు, తల ముద్ర ఆగిపోయింది. బంగారు డబ్బీ మీద 15 క్యారట్లని ఉంటే 1932 దాటి రాదు.

ఇప్పుడు నాకు నిజంగా బాధ కలిగించే చోటుకు వద్దాం. ఈ నెలలో వచ్చిన ఫొటోల్లో నాలుగు గళ్లు కనబడగానే “హాల్‌మార్కు ఉందండీ, వెండే” అని రాసినవాళ్లు ఎంతోమంది. ఆ గళ్లలో ఏముందో చదవలేదు. భూతద్దం పెట్టి చూస్తే ఒక గడిలో ఇ, పక్క గడిలో పి, తర్వాత ఎన్, చివర ఎస్. అంటే నికెల్ సిల్వర్ మీద కరెంటుతో వెండి పూత. నికెల్ సిల్వర్ మరేదో కాదు, మన పెళ్లిళ్లలో కానుకలిచ్చే జర్మన్ సిల్వరే: రాగి, జింకు, నికెల్. వెండి రవ్వంతైనా ఉండదు. పూత పనివాళ్లు ఈ అక్షరాలను విడివిడిగా, డాలు ఆకారపు గళ్లలో, వెండి ముద్రల వరసలోనే కొట్టేవారు. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. కాబట్టి గళ్లు లెక్కపెట్టొద్దు, సింహం కోసం వెతకండి. కుడి ముందుకాలు ఎత్తి, పక్కకు నడుస్తూ ఉంటుంది. సింహం అరిగి ముద్దలా కనబడినా దానికి వీపు, తోక ఉంటాయి, అక్షరానికి ఉండవు. సందేహంగా ఉంటే మూత బందు దగ్గర, అంచుల దగ్గర చూడండి. వేలు తగిలి తగిలి పూత పోయినచోట పసుపు ఛాయ కనబడితే పూతపనే. వెండి ఎంత అరిగినా లోపల వెండే. మరే ముద్రా లేకుండా 925 అంకె ఒక్కటే ఉంటే ఆ కాలపు ఇంగ్లండు పని కాదు.

దయచేసి ముద్ర చదవకముందు చింతపండు పెట్టి తోమకండి. విభూతితో రుద్దకండి. ముద్ర గాడిలో చేరిన నలుపే మనకు గీతల్ని చూపించేది.

నేను మాత్రం ముద్రతో మొదలుపెట్టను. డబ్బీ చేతికి రాగానే పైన గొలుసు తగిలించే ఉంగరం చూస్తాను. నా దగ్గర బర్మింగ్‌హామ్‌ది ఒకటుంది, మూత మీద చెక్కిన పేరు అక్షరాలు దాదాపు మాసిపోయాయి. దాని ఉంగరం కింద లావుగా, పైన దారమంత సన్నగా ఉంటుంది. వెయిస్ట్‌కోటు జేబులో ఐదు సవరన్లు, అంటే ఐదు కాసుల బరువు, రోజూ గొలుసుకు వేలాడితే అరిగేది ఆ పైభాగమే. మూత అరిగి ఉంగరం మాత్రం కొత్తగా ఉంటే ఉంగరం మార్చారని అనుకోండి. బంగారు డబ్బీల కన్నా నాకు ఇలాంటి వెండివే ఇష్టం, రోజూ వాడినవి కాబట్టి.

ఈ వాడకం 1914 ఆగస్టుతో దెబ్బతింది. యుద్ధం రాగానే ఇంగ్లండు ఖజానా సవరను బదులు పౌను నోటు, అర సవరను బదులు పది షిల్లింగుల నోటు అచ్చువేసింది. బంగారం జనం చేతుల్లోంచి పోయింది. 1918లో మన బొంబాయిలో కూడా సవరన్లు ముద్రించారు గానీ, అప్పటికి అక్కడ ఈ డబ్బీలో పెట్టుకోవడానికి జేబులో సవరను మిగల్లేదు.

అభ్యాసం. పది వస్తువులు తీసుకోండి. డబ్బీలే కానక్కర్లేదు: కుంకుమ భరిణె, వెండి గ్లాసు, పాత గడియారం, జర్మన్ సిల్వర్ పళ్లెం, ఏదైనా. గదిలో దీపం ఆర్పి, టార్చిని పక్కవాటుగా పెట్టి, ఒక్కోదాని మీదున్న ప్రతి ముద్రనూ పెన్సిలుతో అరచేయంత పెద్దదిగా గీయండి. ఫొటో వద్దు. గళ్ల ఆకారం కూడా గీయాలి, మూలలు కోసినట్టున్నాయా, గుండ్రంగా ఉన్నాయా అన్నది సంవత్సరం చెప్పేటప్పుడు అవసరపడుతుంది. ఏదీ అర్థం చెప్పుకోకుండా, కనబడ్డది కనబడ్డట్టే గీయండి. డబ్బీ ఉన్నవాళ్లు సరైన రూపాయితో మళ్లీ పరీక్షించి, బిళ్ల మీది సంవత్సరం కూడా రాసి పంపండి. ఐదో పాఠంలో ఆ బొమ్మల్లోంచే సంవత్సరపు అక్షరం చదువుదాం.